కిలినొచ్చికి ముందే తేలిపోయిన యుద్ధం: శ్రీలంక ఆఖరి దాడి వెనుక లెక్కలు

శ్రీలంక ఉత్తరాన, కాండీ నుంచి జాఫ్నాకు వెళ్లే ఏ9 రహదారి మీద కిలినొచ్చి పట్టణం ఉంది. యుద్ధం ముగిశాక ఆ దారిన వెళ్లిన వారికి రోడ్డు పక్కన కూలిన నీళ్ల ట్యాంకు ఒకటి కనిపించేది. స్తంభాలు విరిగి, అంత పెద్ద కాంక్రీటు తొట్టీ నేల మీద పక్కకు ఒరిగి పడి ఉండేది. పగుళ్లలోంచి ఇనుప చువ్వలు పొడుచుకొచ్చేవి. పట్టణాన్ని వదులుకుంటూ ఎల్‌టీటీఈ (తమిళ పులులు) సంస్థే దాన్ని పేల్చివేసిందని సైన్యం చెప్పింది. ప్రభుత్వం దాన్ని తొలగించకుండా, బోర్డు పెట్టి, దక్షిణాది నుంచి వచ్చే పర్యాటకులకు చూపే వస్తువుగా మార్చింది. పక్కనే జ్ఞాపికల దుకాణం కూడా వెలిసింది.

ఆ ట్యాంకును చూసిన వారికి యుద్ధం అక్కడే తేలిందని అనిపించడం సహజం. 2009 జనవరి 2న పులుల పాలనా కేంద్రమైన కిలినొచ్చి సైన్యం చేతికి చిక్కింది. నాలుగున్నర నెలల్లో ఎల్‌టీటీఈ పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. ఇరవై ఆరేళ్లు సాగిన అంతర్యుద్ధం, ప్రపంచంలోనే అత్యంత పకడ్బందీ సాయుధ సంస్థల్లో ఒకటిగా పేరున్న సంస్థ, ఇంత వేగంగా ఎలా ముగిశాయన్న ప్రశ్నకు చాలామంది వినే జవాబు ఒకటే: అప్పటి పాలకులైన రాజపక్స సోదరుల రాజకీయ పట్టుదల. పట్టుదల ఉన్న మాట నిజమే. కానీ పట్టుదల అంతకుముందు అధ్యక్షులకూ ఉంది, వారు ఓడిపోయారు. తేడా ఎక్కడ వచ్చిందో చూడాలంటే కిలినొచ్చిని కాసేపు పక్కన పెట్టాలి.

క్లుప్తంగా: 2006–09 దాడి ఫలితాన్ని నిర్ణయించిన మార్పులు చాలావరకు ఉత్తరాన పులుల కోట అయిన వన్ని అడవుల బయటే జరిగాయి. తూర్పున కమాండర్ కరుణ చీలికతో పులులకు మనుషులు కరువయ్యారు. నడిసముద్రంలో ఓడలు మునగడంతో గుండ్లు కరువయ్యాయి. సైన్యం మాత్రం దాదాపు రెట్టింపై, ఒకే రోడ్డు మీద కాకుండా అనేక దిక్కుల నుంచి కదిలింది. గెలుపును ఖాయం చేసిన ఆ చుట్టుముట్టే పద్ధతే, మధ్యలో ఇరుక్కున్న దాదాపు 3 లక్షల మంది పౌరులకు శాపమైంది.

ఒకే రోడ్డును నమ్ముకున్న పాత దాడి

1995 చివర్లో సైన్యం జాఫ్నా నగరాన్ని పట్టుకుంది. పులులు ద్వీపకల్పం వదిలి దక్షిణాన ఉన్న వన్ని అడవుల్లోకి తరలిపోయారు. జాఫ్నాలో వేల మంది సైనికులు ఉన్నా వారికి భూమార్గం లేదు. తిండీ మందుగుండూ ఓడలోనో విమానంలోనో రావాలి. దీన్ని సరిచేయడానికి 1997 మేలో 'జయసికురు' పేరుతో దాడి మొదలైంది. వవునియా నుంచి ఏ9 రోడ్డును ఉత్తరం దాకా తెరవడం దాని లక్ష్యం.

కాగితం మీద ఇది సులువైన పనే. కానీ దారి ముందే తెలిసిన శత్రువును అడ్డుకోవడం పులులకు ఇంకా సులువైంది. సైన్యం రోడ్డు వెంట సన్నగా, పొడుగ్గా పరుచుకుంటూ వెళ్లింది. పట్టుకున్న ప్రతి మైలునూ కాపలా కాయాలి. కాయడానికి మనుషులు చాలరు. పులులకు కావలసిందీ అదే. ఆ పొడుగాటి గీతలో ఎక్కడ పలచగా ఉంటే అక్కడ కొట్టారు. 1998 సెప్టెంబరులో కిలినొచ్చి స్థావరాన్ని తిరిగి లాక్కున్నారు. ఆ ఏడాది చివరికి ప్రభుత్వమే దాడిని ఆపేసింది. 1999 నవంబరులో ఎల్‌టీటీఈ ఎదురుదాడి మొదలుపెడితే, సైన్యం ఏడాదిన్నర పైగా పోరాడి సంపాదించుకున్న నేల కొద్ది రోజుల్లోనే చేజారింది. 2000 ఏప్రిల్‌లో జాఫ్నాకు వాకిలి వంటి ఎలిఫెంట్ పాస్ స్థావరం కూడా పోయింది.

ఇది గుర్తుంటేనే తరువాతి దాడి అర్థమవుతుంది. ఆ ఓటమికి మూలం మనుషుల కొరత, ఒకే దారి మీద ఆధారపడటం, పులులకు సముద్రం మీదుగా ఆగకుండా ఆయుధాలు అందడం. కొత్త సేనానులు సరిగ్గా ఈ మూడింటి మీదే గురిపెట్టారు.

తూర్పు చేజారిన రోజు

2002 ఫిబ్రవరిలో నార్వే మధ్యవర్తిత్వంతో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. అప్పుడు ఎల్‌టీటీఈ ఉచ్చస్థితిలో ఉంది. సొంత పోలీసులు, కోర్టులు, పన్నుల వసూలు, ఏ9 మీద చెక్‌పోస్టులు అన్నీ ఉన్నాయి. రెండేళ్లు గడిచాయి. 2004 మార్చిలో తూర్పు ప్రాంత కమాండర్ వినాయగమూర్తి మురళీధరన్, అంటే కరుణ, సంస్థ అధినేత ప్రభాకరన్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. ఉత్తరాది నాయకత్వం తూర్పు పిల్లలను సైన్యంలోకి తీసుకుని పదవులు మాత్రం ఉత్తరాది వారికి ఇస్తోందన్నది అతని ఆరోపణ.

నెల దాటిన కొద్ది రోజులకే ప్రభాకరన్ బలగాలు కరుణ వర్గాన్ని చెదరగొట్టాయి. పైకి చూస్తే తిరుగుబాటు అణిగిపోయింది. లోలోపల మాత్రం సంస్థ వెన్ను విరిగింది. బట్టికలోవా, అంపారా జిల్లాలు ఎల్‌టీటీఈకి పెద్ద నియామక కేంద్రాలు. జయసికురును అడ్డుకున్న యోధుల్లో తూర్పు నుంచి వచ్చిన వారు గణనీయంగా ఉన్నారు. వారంతా కలిసి మళ్లీ వన్నికి రాలేదు. పైగా, పులుల అలవాట్లు, దారులు, సంకేతాలు తెలిసిన మనిషి ఇప్పుడు ప్రభుత్వం పక్షాన ఉన్నాడు.

తరువాతి మలుపు బ్యాలెట్ పెట్టె దగ్గర. 2005 నవంబరు అధ్యక్ష ఎన్నికల్లో తమ పట్టున్న ప్రాంతాల తమిళులను ఎల్‌టీటీఈ ఓటు వేయనివ్వలేదు. జాఫ్నా జిల్లాలో పోలింగు రెండు శాతం కూడా దాటలేదు. ఒప్పందంపై సంతకం చేసిన రణిల్ విక్రమసింఘే దాదాపు 1.8 లక్షల ఓట్ల తేడాతో ఓడిపోయారు. మహింద రాజపక్సకు వచ్చింది 50.29 శాతం. ఆ బహిష్కరణ వెనుక ప్రభాకరన్ లెక్క ఏమిటన్నది నేటికీ వాదనలకు తావిచ్చే విషయం. ఫలితం విషయంలో వాదన లేదు. యుద్ధానికి వెనుకాడని ప్రభుత్వం కొలువుదీరింది. అధ్యక్షుడి తమ్ముడు గొటబయ రక్షణ కార్యదర్శి అయ్యారు, శరత్ ఫొన్సెకా సైన్యాధిపతి అయ్యారు. 2006 ఏప్రిల్‌లో కొలంబోలోని సైనిక ప్రధాన కార్యాలయంలోనే ఫొన్సెకాపై ఆత్మాహుతి దాడి జరిగింది. తీవ్రంగా గాయపడినా బతికారు. డిసెంబరులో గొటబయ మీదా అలాంటి దాడే జరిగింది. యుద్ధాన్ని నడిపే ఇద్దరినీ చంపబోయి, చంపలేకపోవడం పులులకు ఎంత ఖరీదైందో వేరే చెప్పనక్కరలేదు.

అసలు పోరు ఒక తూము దగ్గర రాజుకుంది. ట్రింకోమలి జిల్లాలో మావిల్ ఆరు అనే చోట 2006 జులైలో పులులు తూము మూసేశారు. దిగువన వరి పండించే సింహళ, ముస్లిం, తమిళ గ్రామాలకు నీళ్లు ఆగిపోయాయి. కాలువకు చివరి ఆయకట్టులో ఉన్న రైతుకు తూము మూత అంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల వారికి వివరించాల్సిన పని లేదు. ప్రభుత్వం మొదట విమానాలు పంపింది, తరువాత సైన్యాన్ని పంపింది. నీళ్లు తెరిపించడంతో సైన్యం ఆగలేదు. సెప్టెంబరులో ట్రింకోమలి నౌకాశ్రయాన్ని ఫిరంగి గురిలో పెట్టుకున్న సంపూరును, 2007 జనవరిలో వాకరైని, జులైలో తొప్పిగల కొండల్ని పట్టుకుంది. ఏడాదిలో తూర్పు మొత్తం పులుల చేతి నుంచి పోయింది.

నడిసముద్రంలో మునిగిన గిడ్డంగులు

ఇంతటి ఆయుధ సంపత్తి ఒక అడవికి ఎలా చేరేది? వన్నిలో ఫిరంగి గుండ్లు తయారయ్యే కర్మాగారాలు లేవు. విదేశాల్లోని తమిళుల చందాలతో కొన్న ఆయుధాలు ఎల్‌టీటీఈ సొంత ఓడల్లో వచ్చేవి. ఆ ఓడలు తీరానికి రావు. హిందూ మహాసముద్రంలో వందల మైళ్ల దూరాన, ఏ దేశపు జలాల్లోకీ రాకుండా, పేర్లు మార్చుకుంటూ తచ్చాడుతూ ఉండేవి. చేపల ట్రాలర్లు సరుకు దించుకుని ముల్లైతీవు వైపు వచ్చేవి, ఎల్‌టీటీఈ సముద్ర విభాగమైన సీ టైగర్ల పడవలు వాటికి కాపలా వచ్చేవి. నౌకాదళం వీటిని తేలే గిడ్డంగులు అనేది.

ఈ ఓడల కథలో మన తీరానికీ ఒక పాత్ర ఉంది. 1993 జనవరిలో బంగాళాఖాతంలో ఎం.వి. అహత్ అనే ఎల్‌టీటీఈ ఓడను భారత నౌకాదళం అడ్డగించింది. అందులో ఉన్న సీనియర్ నాయకుడు కిట్టు ఓడతో పాటే మరణించాడు. ప్రాణాలతో దొరికిన సిబ్బందిని విశాఖపట్నం తెచ్చి, అక్కడి కోర్టులోనే విచారించారు. అంటే ఈ రహస్య మార్గం గురించి ప్రభుత్వాలకు ఎప్పుడో తెలుసు. దాన్ని పూర్తిగా కోసేసే శక్తి మాత్రం శ్రీలంక నౌకాదళానికి 2006 దాకా లేదు.

నౌకాదళాధిపతి వసంత కరన్నగొడ నాయకత్వంలో రెండు పనులు జరిగాయి. మొదటిది తీరం దగ్గర. సీ టైగర్లు పదుల సంఖ్యలో చిన్న పడవలతో కందిరీగల్లా ముసిరేవారు. వాటి మధ్య పేలుడు పదార్థాలు నింపిన ఆత్మాహుతి పడవ ఒకటో రెండో ఉండేవి. ఒక పెద్ద గస్తీ నౌక ఇలాంటి ముట్టడిలో దిక్కుతోచక మునిగిపోయేది. నౌకాదళం అదే విద్యను తిరిగి ప్రయోగించింది. ఫైబర్ గ్లాస్‌తో 'యారో' అనే చిన్న వేగవంతమైన పడవలు దేశంలోనే పెద్ద సంఖ్యలో తయారు చేయించి, గుంపుకు గుంపునే ఎదురు పంపింది.

రెండో పని మరింత సాహసం. పాత గస్తీ నౌకలే ఉన్నా, వాటినే నడిసముద్రానికి పంపారు. వాటిలో ఒకటైన సయూర భారత నౌకాదళంలో పనిచేసి వచ్చినది, సముదుర అమెరికా తీరరక్షక దళం నుంచి వచ్చినది. దారిలో ఇంధనం నింపడానికి సరైన యుద్ధనౌక లేక, సాధారణ రవాణా ఓడతో సర్దుకున్నారు. విదేశీ నిఘా సమాచారం తోడైంది. 2007 సెప్టెంబరులో మూడు ఓడలు, అక్టోబరులో మరొకటి, శ్రీలంకకు 1,500 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆస్ట్రేలియా దిక్కున మునిగిపోయాయి. వాటితో ఆ పెద్ద ఓడల దళం దాదాపు అంతరించింది.

వన్నిలో ఇంకా ఒక్క ముఖ్య పట్టణం కూడా పడిపోలేదు. కానీ అక్టోబరు నుంచి పులుల ఫిరంగులు పేల్చిన ప్రతి గుండూ తిరిగి రాని గుండే. నా అంచనాలో, యుద్ధం ఎప్పుడు తేలిందో ఒక్క నెల చెప్పమంటే చెప్పవలసింది 2009 జనవరి కాదు, 2007 అక్టోబరు.

ఎనిమిది మంది జట్లు

సైన్యం 2005 తరువాత నాలుగేళ్లలో దాదాపు రెట్టింపైంది. తూర్పులో గెలుపు కనిపించాక దక్షిణాది పల్లెల యువకులు చేరికకు వరుస కట్టారు. జీతం స్థిరం, గౌరవం ఎక్కువ, గెలుస్తామన్న నమ్మకం కొత్తగా వచ్చింది. వెనుక ప్రాంతాలను గ్రామ రక్షక దళాలకు అప్పగించడం వల్ల శిక్షణ పొందిన సైనికులు ముందు వరుసకు విడుదలయ్యారు. పట్టుకున్న నేలను నిలబెట్టుకోవడానికి ఇప్పుడు మనుషులు ఉన్నారు.

పోరాడే తీరు కూడా మారింది. వందల మంది ఒకే వరుసలో కదిలే బదులు, ఎనిమిది మంది చొప్పున చిన్న జట్లను అడవిలోకి పంపారు. ప్రతి జట్టులో ప్రథమ చికిత్స తెలిసినవారు, ఫిరంగి దళానికి గురి చెప్పగలిగినవారు ఉండేవారు. రోజుల తరబడి శత్రు రేఖల వెనుక దాక్కుని బంకర్ల ఆనవాళ్లు పట్టేవారు. తరువాత ఫిరంగి మాట్లాడేది. గెరిల్లాల విద్యను గెరిల్లాల మీదే వాడారని విశ్లేషకులు రాయడం ఇందుకే.

ఎల్‌టీటీఈ సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో వెళ్లింది. గెరిల్లాగా పుట్టిన సంస్థ రాజ్యంలా పోరాడడం మొదలుపెట్టింది. పట్టణాలు, కార్యాలయాలు, శ్మశానాలు, సరిహద్దులు ఉన్న సంస్థకు అడవిలోకి జారుకునే వెసులుబాటు పోతుంది. పట్టు వదలకూడదు కాబట్టి పొడవైన మట్టికట్టలు వేసి, వాటి ముందు లోతైన కందకాలు తవ్వి, అక్కడే నిలబడింది. నిలబడటానికి మనుషులు చాలక కుటుంబానికి ఒకరు చొప్పున బలవంతంగా పోగు చేసింది. పాత కాలపు స్వచ్ఛంద యోధుడికీ, ఇంట్లోంచి లాక్కొచ్చి నాలుగు వారాల్లో తుపాకీ చేతికిచ్చిన కుర్రవాడికీ మధ్య తేడా బురదలో, వానలో తెలిసిపోతుంది.

మన్నారు నుంచి మట్టికట్టల దాకా

2008 జనవరి 2న ప్రభుత్వం కాల్పుల విరమణ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. నిజానికి అది అప్పటికే శవం. ఆ రోజు జరిగింది దహన సంస్కారం. మన్నారు తీరం వెంట 58వ డివిజన్, ఏ9కు పడమర అడవుల్లో 57వ డివిజన్, తూర్పున వెలిఓయ నుంచి ముల్లైతీవు వైపు 59వ డివిజన్ కదిలాయి. జాఫ్నా ద్వీపకల్పం అంచున ముహమలై దగ్గర 53, 55 డివిజన్లు పులుల బలగాన్ని అక్కడే కట్టిపడేశాయి. జయసికురు ఒక దారమైతే ఇది వల. ఎల్‌టీటీఈ ఒక చోట బలం కూడగడితే మరో చోట పలచబడింది.

అన్నీ సాఫీగా జరగలేదు. 2008 ఏప్రిల్‌లో ముహమలై దగ్గర సైన్యం ముందుకు దూకి, కొన్ని గంటల్లోనే భారీ నష్టంతో వెనక్కి వచ్చింది. ఆ చేదు అనుభవం తరువాత అక్కడ తొందరపడటం మానేసి, పడమటి తీరం మీదే బరువు వేశారు. జులైలో సీ టైగర్ల ముఖ్య స్థావరం విడత్తల్‌తీవు, నవంబరు 15న పూనరిన్ చిక్కాయి. పూనరిన్ నుంచి పులులు ఉప్పునీటి మడుగుకు ఆవల ఉన్న జాఫ్నా విమానాశ్రయంపైకి గుండ్లు పేల్చేవారు. ఆ ముప్పు తొలగింది. పడమటి తీరం మొత్తం పోయింది కాబట్టి తమిళనాడు వైపు నుంచి వచ్చే ఇంధనం, మందుల దారీ మూసుకుపోయింది.

కిలినొచ్చి ముందు మాత్రం వారాలు పట్టింది. ఈశాన్య రుతుపవనాల వానలకు అడవి దారులు బురద గుంటలయ్యాయి. కందకాల్లో నీళ్లు నిండాయి. సైనికులు నిచ్చెనలతో కట్ట ఎక్కాలి, ఎక్కేటప్పుడు పైనుంచి తుపాకులు కాల్పులు జరుపుతుంటాయి. డిసెంబరులో రెండు పక్షాలకూ ప్రాణనష్టం తీవ్రంగా జరిగింది. చివరికి ఉత్తరాన ఉన్న పరంతన్ కూడలిని 58వ డివిజన్ పట్టుకోవడంతో, కిలినొచ్చి వెనుక దారి తెగింది. పులులు పట్టణం ఖాళీ చేశారు. జనవరి 9న ఎలిఫెంట్ పాస్, 25న ముల్లైతీవు పట్టణం పోయాయి.

కుంచించుకుపోయిన నేల, మధ్యలో జనం

పులులు వెనక్కి తగ్గిన ప్రతిసారీ జనం కూడా వెనక్కి కదిలారు. కొందరు సైన్యం మీద భయంతో, చాలామంది గత్యంతరం లేక. వన్ని దాటి బయటకు వెళ్లాలంటే ఎల్‌టీటీఈ పాసు కావాలి, ఆ పాసుకు కుటుంబంలో ఒకరు జామీను ఉండాలి. 2008 సెప్టెంబరులో ప్రభుత్వ ఆదేశంతో ఐక్యరాజ్య సమితి సిబ్బంది కిలినొచ్చి నుంచి వెళ్లిపోయారు. ఆ తరువాత లోపల ఏం జరుగుతుందో చూసే బయటి కళ్లు దాదాపు లేవు.

2009 జనవరి 21న సైన్యం మొదటి కాల్పుల నిషేధ ప్రాంతాన్ని ప్రకటించింది. ఫిబ్రవరి 12న రెండోదాన్ని ప్రకటించింది. అది పుదుమాత్తళన్ నుంచి ముల్లివాయ్‌కాల్ దాకా సముద్రానికీ నందికడల్ మడుగుకూ మధ్య ఉన్న ఇసుక పట్టీ, సుమారు 14 చదరపు కిలోమీటర్లు. కొబ్బరి, తాటిచెట్ల నీడన టార్పాలిన్ గుడారాలు, వాటి పక్కన ఇసుకలో తవ్విన గుంతలు. ఇసుక జారిపోకుండా చీరలు కుట్టి సంచులు చేసి అంచుల్లో పేర్చేవారు. చివరి వారాల్లో చాలామంది ఆకలి తీర్చింది ఉప్పు వేసిన పలచని గంజి. ఇప్పటికీ ప్రతి మే నెలలో ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో తమిళులు ఆ గంజినే కాచి, కొన్ని చోట్ల కొబ్బరి చిప్పల్లో పోసి పంచుతారు. దాని పేరే ముల్లివాయ్‌కాల్ గంజి.

ఇక్కడ ఒక అంకె దగ్గర ఆగాలి. ఆ ప్రాంతంలో 70 వేల మంది ఉన్నారని ఫిబ్రవరిలో ప్రభుత్వం చెప్పింది. ఏప్రిల్ నాటికి ఆ అంకె ఇంకా తగ్గింది. యుద్ధం ముగిసేసరికి వన్ని నుంచి బయటకు వచ్చి మెనిక్ ఫామ్ వంటి శిబిరాలకు చేరినవారే దాదాపు 3 లక్షలు. లెక్క తక్కువైతే పంపే బియ్యం తక్కువవుతుంది, మందులు తక్కువవుతాయి. రెడ్‌క్రాస్ ఓడలో వచ్చే సరుకు ఆ అంకెల ఆధారంగానే కేటాయించారు. తుపాకీ పేలకుండానే మనుషుల్ని చంపగల ఆయుధం జనాభా లెక్కే అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఏప్రిల్ మొదటి వారంలో ఆనందపురం దగ్గర చుట్టుముట్టిన సైన్యం తీపన్, విదుష, దుర్గ వంటి ముఖ్య కమాండర్లను హతమార్చింది. పులుల చివరి ఎదురుదాడి సామర్థ్యం అక్కడే ముగిసింది. ఏప్రిల్ 20న పుదుమాత్తళన్ మట్టికట్టకు గండి పడింది. తరువాతి కొన్ని రోజుల్లో లక్ష మందికి పైగా మడుగు నీళ్లలో నడిచి బయటపడ్డారు. మిగిలినవారు ఇంకా ఇరుకైన ముల్లివాయ్‌కాల్‌కు నెట్టుకుపోయారు. మే 16న రెండు డివిజన్లు సముద్రతీరంలో కలుసుకోవడంతో ఆఖరి దారీ మూసుకుంది. మన దగ్గర లోక్‌సభ, శాసనసభ ఎన్నికల ఓట్లు లెక్కించినది కూడా ఆ రోజే. మే 18న యుద్ధం ముగిసిందని ప్రకటించారు. మరునాడు నందికడల్ ఒడ్డున ప్రభాకరన్ మృతదేహాన్ని చూపించారు.

ఎంతమంది పౌరులు చనిపోయారన్నది నేటికీ తేలని ప్రశ్న. మే 13 వరకు 7,721 మరణాలను ఐక్యరాజ్య సమితి సిబ్బంది అంతర్గతంగా నమోదు చేశారు. 2011లో సెక్రటరీ జనరల్ నియమించిన నిపుణుల బృందం 40 వేల దాకా ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమంది. ప్రభుత్వం మొదట పౌరులెవరూ చనిపోలేదన్న ధోరణిలో మాట్లాడి, తరువాత సొంత గణనతో కొన్ని వేల మరణాలను అంగీకరించింది. కాల్పుల నిషేధ ప్రాంతాలపైన, ఆసుపత్రులపైన సైన్యం గుండ్లు పేల్చిందనడానికి నమ్మదగిన ఆరోపణలు ఉన్నాయని ఆ బృందమే చెప్పింది. పారిపోబోయిన జనాన్ని పులులు కాల్చారని, వారిని కవచంలా వాడుకున్నారని, పిల్లల్ని యుద్ధంలోకి లాగారని కూడా అదే నివేదిక చెప్పింది. దాన్లో సగమే ఉటంకించేవారు రెండు వైపులా ఉన్నారు.

ఢిల్లీ లెక్క, బీజింగ్ సరుకు

1991లో రాజీవ్ గాంధీ హత్యతో ఎల్‌టీటీఈకి భారత్‌లో మిగిలిన సానుభూతి చాలావరకు ఆవిరైంది. శాంతి సేనగా వెళ్లి దాదాపు 1,200 మంది సైనికులను పోగొట్టుకున్న దేశానికి మళ్లీ అక్కడ కాలు పెట్టే ఉద్దేశం లేదు. ఢిల్లీ రాడార్లు, గస్తీ నౌకలు, సమాచారం ఇచ్చింది. దాడి ఆయుధాలు ఇవ్వలేదు. ఆ ఖాళీని చైనా, పాకిస్తాన్ నింపాయి. భారత్, శ్రీలంకల నుంచి ముగ్గురేసి ఉన్నతాధికారులు నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు ఉండేది, కాబట్టి తమిళనాడు రాజకీయం వేడెక్కినప్పుడల్లా కొలంబోకు ముందే కబురు అందేది. ఏప్రిల్ 27న కరుణానిధి చెన్నైలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. అదే రోజు భారీ ఆయుధాలు వాడబోమని కొలంబో ప్రకటించింది, దీక్ష కొన్ని గంటల్లో ముగిసింది. గుండ్లు ఆ తరువాతా పడ్డాయని నిపుణుల బృందం రాసింది.

2001 తరువాత మారిన ప్రపంచ వాతావరణం కూడా పులులకు కలిసిరాలేదు. 2006లో కెనడా, యూరోపియన్ యూనియన్ నిషేధించడంతో చందాల ప్రవాహం చట్టవిరుద్ధమైంది. యుద్ధం ముగిసిన పది రోజుల్లోపే ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలిలో శ్రీలంకకు అనుకూలమైన తీర్మానం 29–12 ఓట్లతో నెగ్గింది. భారత్ అనుకూలంగానే ఓటేసింది. 2012 మార్చిలో మాత్రం శ్రీలంకను ప్రశ్నించే తీర్మానానికి మద్దతిచ్చింది.

బియాఫ్రా, సిరియాలతో పోలిస్తే

నైజీరియాలో బియాఫ్రా యుద్ధం 1970 జనవరిలో ముగిసిన తీరు వన్నికి దగ్గరగా ఉంటుంది. అక్కడా వేర్పాటు ప్రాంతం సముద్రతీరాన్ని ముందే పోగొట్టుకుంది. సరుకు వచ్చేది ఉలి అనే చోట రోడ్డునే రన్‌వేగా మార్చిన విమానాశ్రయం నుంచి. ఆఖరి దాడి కొద్ది రోజుల్లో ముగిసింది, ఎందుకంటే అప్పటికే ఆకలి సగం యుద్ధం చేసేసింది. ఒక పెద్ద తేడా ఉంది. బియాఫ్రా నాయకుడు ఒజుక్వు దేశం విడిచాడు, మిగిలినవారు జనవరి 15న లాగోస్‌లో లొంగుబాటు పత్రంపై సంతకం చేశారు. సంతకం చేయడానికి ఎవరో ఒకరు మిగిలారు. ముల్లివాయ్‌కాల్‌లో ఆ స్థానంలో ఎవరూ మిగలలేదు.

2024 నవంబరు చివరిలో సిరియాలో జరిగింది వేరే తరహా. తిరుగుబాటు బలగాలు అలెప్పో నుంచి డమాస్కస్‌కు పన్నెండు రోజుల్లో చేరాయి. అక్కడ కూలింది ప్రభుత్వ సైన్యం. రష్యా, ఇరాన్ అండ బలహీనపడిన క్షణంలో లోపలి డొల్లతనం బయటపడింది. శ్రీలంకలో దాడి నెలల తరబడి నేలను కొరుక్కుంటూ సాగింది. డమాస్కస్ మాత్రం తలుపు తోస్తే తెరుచుకుంది. రెండు చోట్లా ఒక్క పోలిక ఉంది. నిర్ణయాత్మకమని పేరొచ్చిన దాడి కంటే ముందే సరఫరా దారులు ఎండిపోయాయి.

గెలుపు తరువాతి బిల్లు

యుద్ధంలో 2006 ఆగస్టు నుంచి 6,261 మంది సైనికులు చనిపోయారని గొటబయ ప్రకటించారు. గెలిచిన ఇద్దరు ముఖ్యులూ ఏడాది తిరగకుండానే ఒకరికొకరు ఎదురుపడ్డారు. 2010 జనవరిలో ఫొన్సెకా అధ్యక్ష ఎన్నికల్లో మహింద మీద పోటీ చేసి ఓడిపోయారు, మరుసటి నెలలోనే అరెస్టయ్యారు. ఉత్తర ప్రాంత మండలికి మొదటి ఎన్నికలు 2013 సెప్టెంబరు దాకా జరగలేదు. జరిగినప్పుడు 38 స్థానాల్లో 30 తమిళ జాతీయ కూటమికి వచ్చాయి. 1987 నాటి 13వ రాజ్యాంగ సవరణ హామీ ఇచ్చిన పోలీసు, భూమి అధికారాలు మాత్రం ఆ మండలి చేతికి రాలేదు. యుద్ధకాలంలో సైన్యం తీసుకున్న భూముల్లో కొన్ని తిరిగి ఇచ్చారు, మరికొన్నిటి కోసం సొంతదారులు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

దాడి కోసం ఉబ్బించిన సైన్యాన్ని శాంతికాలంలో ఏ ప్రభుత్వమూ తగ్గించలేకపోయింది. జీతాల మీద బతికే దక్షిణాది కుటుంబాలు, గెలుపు కథ మీద నిలిచిన రాజకీయం రెండూ అడ్డుపడ్డాయి. 2019లో ఆ కథతోనే అధ్యక్షుడైన గొటబయ, 2022 జులైలో పెట్రోలు క్యూలలో నిలబడి విసిగిన జనం ఆగ్రహానికి దేశం విడిచి వెళ్లారు. ఆ తరువాత, 2023 జనవరిలో, రెండు లక్షలకు పైగా మంజూరై ఉన్న సైనిక బలాన్ని మరుసటి ఏడాదికి 1,35,000కూ, 2030 నాటికి లక్షకూ తగ్గిస్తామని రక్షణ శాఖ ప్రకటించింది.